ఆ బొమ్మ నా చేత్తోనే చేశాను... ఇప్పుడేం చెయ్యాలి?

తిరుపతిలో ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌గా పనిచేస్తున్న ఇరవై తొమ్మిదేళ్ల పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, ఊళ్లు తీసేసి సారాంశం చెబుతాను.

పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గంగజాతర శుభాకాంక్షలు, శ్రద్ధాంజలులు... ఇవే ఆయన రోజూ చేసే పని. సర్పంచ్ ఎన్నికలప్పుడు, పోలింగ్ ఇంకా ఐదు రోజులుందనగా, రాత్రి తొమ్మిదిన్నరకి దగ్గర్లోని ఒక పంచాయతీ నుంచి ఆర్డర్ వచ్చింది. అక్కడి సీటు జనరల్ మహిళది. పోటీలో ఒక యానాది ఆవిడ ఉంది. ఎదుటి వర్గం మనిషి వాట్సాప్‌లో ఆమె ఫొటో పంపి, వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అక్షరాలు ఎక్కువొద్దు. చూస్తానే జనానికి అర్థమైపోవాల."

తరవాత జరిగింది ఆయన మాటల్లోనే: "నామినేషన్ రోజు తీసిన ఫొటో అది. గులాబీ రంగు చీర, మెడలో బంతిపూల దండ. మొహం నల్లబడేట్టు కంప్యూటర్లో కర్వ్స్ కిందికి లాగినాను. ఒకసారి కాదు, మూడుసార్లు. పెదాలు లావు చేసినాను. దండ తీసేసి చేతికి ఎలుకల బుట్ట తగిలించినాను. కింద ఒకే లైను, ఈ చేతుల్లో మన ఊరా అని. నలభై నిమిషాల్లో అయిపోయింది. బాగా వచ్చిందని కూడా అనుకున్నా, అక్కా."

అదే షాపులో ఫ్లెక్సులకు రింగులు కొట్టే ఇరవై ఏళ్ల కుర్రాడున్నాడు. మూడేళ్లుగా ఈయన్ని అన్నా అని పిలుస్తాడు. వాడూ యానాదే. "తెలుసు. కానీ ఆ రాత్రి గుర్తుకే రాలేదు. మెషిన్‌లోంచి ఆ మొహం జానెడు జానెడుగా బయటికొస్తా ఉంటే వాడు పక్కనే నిలబడి చూసినాడు. ఒక్క మాట అనలేదు. చుట్టూ రింగులు కొట్టి, చుట్టి, తాడు కట్టి ఇచ్చినాడు. మర్నాటి నుంచి రాలేదు. క్యారియర్ ఇక్కడే ఉండిపోయింది."

ఓనర్‌ని అడిగితే, రాజకీయాల్లో ఇదంతా మామూలే అన్నాడట. "జాతరలో తోటి వేషం వెయ్యమా? ఇదీ అంతే. పాపం చేయించినోడిది, మనది కూలి" అని. ఆ ఓనరే ఈయన తల్లి ఆపరేషన్‌కు 40,000 అడ్వాన్స్ ఇచ్చాడు. ఇంకా 22,000 బాకీ ఉంది. ఫ్లెక్సులు పోలింగ్ ముందురోజే దింపేశారు గానీ, ఆ బొమ్మ స్టేటస్‌లలో ఇప్పటికీ తిరుగుతోంది. ఆయన అడిగినవి నాలుగు: ఫిర్యాదు చెయ్యాలా? చేస్తే నామీదే కేసు పడుతుందా? నేను నోరు విప్పితే బొమ్మ ఇంకా ఎక్కువ తిరగదా? ఆ పిల్లోడి మొహం ఎట్లా చూడాలి?

తమ్ముడూ,

మీ ఉత్తరం అందిన రోజే విడిగా రెండు ముక్కలు రాశాను: డిజైన్ ఫైలు తుడిచెయ్యకండి, ఆ వాయిస్ మెసేజ్ తీసెయ్యకండి అని. ఎందుకన్నానో కింద చెబుతాను. మీరు జతచేసిన బొమ్మను మాత్రం ఎక్కడా ప్రచురించడం లేదు, మా వాళ్లెవరికీ పంపలేదు.

ముందు మీ ఓనర్ అన్న మాట తీసుకుందాం, ఎందుకంటే మీ మనసులో అది సగం నాటుకుపోయినట్టుంది. గంగజాతరలో తోటి వేషం రోజు ఒంటికి బొగ్గు పూసుకుంటాం, నిజమే. మా ఇంట్లోనూ వేశారు. అక్కడ మొక్కుకున్నవాడు తన ఒంటికి తానే పూసుకుని, అమ్మవారి ముందుకు తానే నడిచి వెళ్తాడు. సాయంత్రం స్నానం చేస్తే పోతుంది. (ఆ వేషం పేరు ఎవరి పేరో, ఆ పేరున్నవాళ్లకి అదెలా ఉంటుందో కూడా మనం ఒకరోజు కూర్చుని మాట్లాడుకోవాలి.) మీ షాపులో జరిగింది వేరు. ఆమెను అడక్కుండా ఆమె మొహానికి పూశారు. ఊళ్లో నలుగురూ నడిచే దారిలో కట్టారు. నువ్వు ఓటుకి తగవు అని చెప్పడానికి కట్టారు. ఆమె స్నానం చేస్తే పోయే నలుపు కాదది.

ఇంకో సంగతి. ఆ సీటు ఎస్టీలకు రిజర్వ్ అయి ఉంటే పోటీలో అందరూ ఎస్టీలే ఉండేవారు, ఈ బొమ్మకి అవసరమే పడేది కాదు. ఆమె జనరల్ సీటులో నిలబడింది. బొమ్మ చెప్పేది "మీ హద్దు దాటి వచ్చావు" అని. అందుకే ఆ మనిషి అక్షరాలు ఎక్కువొద్దన్నాడు. ఆ మాట రాస్తే కేసు. బొమ్మ వేస్తే "మేమేమన్నాం?" అని చేతులు దులుపుకోవచ్చు.

ఎలుకల బుట్ట దగ్గర ఒక నిమిషం ఆగుతాను. మన వైపు వరి పండించిన ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లను అడగండి, గట్ల కింద కలుగుల్లో కుండతో పొగ పెట్టి ఎలుకల్ని పట్టి పంట నిలబెట్టింది ఎవరని. ఎలుక తన కలుగులో దాచుకున్న వడ్లు తవ్వి తీసుకోవడమే చాలా చోట్ల వాళ్లకు దక్కిన కూలి. ఆ పని తెలిసిన చేతుల్నే "ఈ చేతుల్లో మన ఊరా" అని అడిగించారు మీతో. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని తెల్లదొరలు తరవాత మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చి, యానాదుల్ని పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. ఆ చట్టం పోయింది 1952లో. శ్రీహరికోట అడవిలో తరతరాలుగా బతికిన యానాది కుటుంబాల్ని రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేయించారు. ఆ శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఇంత దూరం నడిచి వచ్చి ఒకామె నామినేషన్ వేసి, మెడలో దండ వేసుకుని ఫొటో దిగింది. మీరు తీసేసిన దండ అది. మిమ్మల్ని పొడవడానికి రాయడం లేదు ఇది. ఆమె ఇంట్లోవాళ్లు ఆ ఫ్లెక్సులో మొదట చూసేది ఏమిటో మీకు తెలియాలని.

మీరొక్కరే కనిపెట్టిన బొమ్మ కాదని కూడా నాకు తెలుసు. నేను చిత్తూరులో ఆరో తరగతి చదివేటప్పుడు బడి వార్షికోత్సవంలో నాకు కోయపిల్ల వేషం వేశారు. కొబ్బరినూనెలో మసి కలిపి మొహానికి, చేతులకి రాశారు. మా క్లాసులోనే యానాది అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్లమ్మ బుట్ట పట్టుకురమ్మని ఆ పిల్లకి పురమాయించారు. తెచ్చి ఇచ్చి, మూడో వరసలో కూర్చుని చూసింది. నాకు మొదటి బహుమతి, స్టీలు గ్లాసు. సంక్రాంతి సెలవుల తరవాత ఆ పిల్ల బడికి రాలేదు. ఎందుకు రాలేదో నేను అడగలేదు, టీచర్లూ అడగలేదు. మీ ఉత్తరంలో "మర్నాటి నుంచి రాలేదు" అన్న చోట నా కళ్లు ఆగిపోయాయి.

ఇక కర్వ్స్ సంగతి. మూడుసార్లు లాగానని మీరే ఒప్పుకున్నారు. చెయ్యి తెలియకుండానే అటు పోతుంది, ఇది మన ఊరి జబ్బు ఒక్కటే కాదు. అమెరికాలో 2008 అధ్యక్ష ఎన్నికల ప్రకటనల్ని తరవాత పరిశోధకులు ఫ్రేము ఫ్రేముగా కొలిచి చూశారు. ఒబామాను తిట్టే ప్రకటనల్లో, ముఖ్యంగా నేరాలతో ముడిపెట్టిన వాటిలో, ఆయన మొహం మరింత నల్లగా చూపించినట్టు తేలింది. అక్కడా ఎవరూ ఒక్క మాట రాయలేదు.

మీ మూడో ప్రశ్నకి జవాబు కూడా అక్కడి పాత కథలోనే ఉంది, కాబట్టి దాన్నే ముందు చెబుతాను. 1988 అధ్యక్ష ఎన్నికల్లో పెద్ద బుష్ మీద పోటీ చేసిన డుకాకిస్‌కి వ్యతిరేకంగా, బుష్ మద్దతుదారుల సంస్థ ఒకటి టీవీలో ప్రకటన వేసింది. డుకాకిస్ గవర్నరుగా ఉన్న రాష్ట్రంలో జైలు నుంచి సెలవు మీద బయటికొచ్చి ఘోరమైన నేరం చేసిన ఒక నల్లజాతి ఖైదీ మొహం తెరనిండా చూపించింది. అతని పేరు విలియం హార్టన్. ప్రకటనలో "విల్లీ" అన్నారు. జాతి అనే మాట ఎక్కడా లేదు. చాలా రోజులు అందరూ దాన్ని నేరాల మీద చర్చ అనే అనుకున్నారు. అక్టోబర్‌లో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ బయటికొచ్చి, ఇది జాతి విద్వేషం అని పేరు పెట్టి చెప్పారు. ఆ ప్రకటనను పరిశీలించిన రాజకీయ శాస్త్రవేత్త టాలీ మెండెల్‌బర్గ్ చెప్పేది, అలా పేరు పెట్టాక దాని పట్టు సడలిందని. చూసేవాళ్లకి తమ లోపల ఏది కదిలిందో తెలిసిపోతే వెనక్కి తగ్గుతారట. ఇది ప్రతిసారీ పనిచేస్తుందని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. ఏమైనా, నోరు మూసుకుంటే బొమ్మ దానంతటదే చల్లారుతుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

అయితే చెప్పే తీరుంది. కొందరు ఆ బొమ్మనే తెచ్చి, ఎర్ర ఇంటూ మార్కు కొట్టి, "సిగ్గుచేటు" అని స్టేటస్ పెడతారు. చూసేవాడి కంటికి అంటుకునేది బొమ్మే. మరో వందమంది ఫోన్లలోకి మనమే దాన్ని మోసుకెళ్లినట్టవుతుంది. బొమ్మ పెట్టకుండా మాటల్లో చెప్పండి: "ఆమె యానాది కాబట్టి ఆమె ఫొటోని నల్లగా చేసి, చేతిలో ఎలుకల బుట్ట పెట్టారు. ఇది కులాన్ని అవమానించడం." ఇంతే. మీ బంధువుల గ్రూపులో ఎవరైనా పంపితే అక్కడా ఇదే. "తప్పు కదా మామా, తీసెయ్" అని పంపినవాడికి విడిగా ఫోన్ చేసి చెప్పండి. అందరి ముందూ అంటే పంతానికి పోతారు.

ఇప్పుడు చట్టం. మన రాష్ట్రంలో యానాదులు షెడ్యూల్డు తెగ. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(యు) కింద, మాటలతో గానీ రాతతో గానీ బొమ్మతో గానీ ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొట్టడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. 2018 సవరణ తరవాత ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందస్తు విచారణ పేరుతో ఆపడానికి లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. పోలింగ్ అయిపోయినా ఈ దారి మూసుకుపోదు. ఎన్నికల నియమావళి ఉల్లంఘన మీద ఫిర్యాదు మాత్రం పోలింగ్ ముందు ఇస్తేనే ఫలితం ఉంటుంది. అదీ పంచాయతీ ఎన్నికైతే రిటర్నింగ్ అధికారికి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. చాలామంది సీ-విజిల్ యాప్‌లో పెట్టి పని అయిపోయిందనుకుంటారు. అది కేంద్ర ఎన్నికల సంఘం నడిపే అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు. ఇంకోసారి మీ కళ్లముందు ఇలాంటిది జరిగితే ఈ తేడా గుర్తుండాలి.

మీమీద కేసు పడుతుందా? పడదని నేను మాటివ్వలేను. బొమ్మ చేసింది మీరు. ఎవరి గురించో తెలిసే చేశారు. ఆర్డర్ ఇచ్చినవాడు, ఓనర్, మీరు, ముగ్గురినీ అడుగుతారు. ఎవరి పాత్ర ఎంతో తేల్చేది పోలీసులు, కోర్టు. మీ అంతట మీరు ముందుకొచ్చి ఫైలూ, వాయిస్ మెసేజూ చేతిలో పెట్టినవాడికీ, తుడిచేసి దొరికినవాడికీ తేడా ఉంటుంది. తుడిచెయ్యద్దని మొదటే రాసింది ఇందుకే, సాక్ష్యం మాయం చెయ్యడం ఇంకో నేరమవుతుంది. ఏ అడుగైనా వేసేముందు వకీలుతో మాట్లాడండి. ఆదాయం తక్కువున్నవాళ్లకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. నంబరు 15100.

మీ ముందు దారులు లేకపోలేదు. ఏ దారిలోనైనా ముళ్లున్నాయి.

ఊరకుండిపోవచ్చు. బాకీ తీర్చుకుని, ఏడాదికో ఎప్పుడో షాపు మారిపోవచ్చు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ ఫైలు సిస్టంలో ఉంటుంది, మీ చెయ్యి బాగుందని ఆ మనిషికి తెలిసిపోయింది. వచ్చే ఎన్నికకి మొహం మార్చి ఇదే అడుగుతాడు.

ఓనర్‌తో మాట్లాడొచ్చు. ఆయన్ని చెడ్డవాడని నేను అనుకోవడం లేదు, తల్లి ఆపరేషన్‌కి అడగ్గానే ఇచ్చిన మనిషి. పాపపుణ్యాల మాట ఎత్తితే వాదన అవుతుంది. షాపు మాట ఎత్తండి. ప్రింటర్ పేరు, అడ్రస్ లేకుండా ఎన్నికల పోస్టర్ వెయ్యకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ చెబుతుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అలా వేస్తే ఆరు నెలల జైలు దాకా ఉంది. బిల్లు లేకుండా, పేరు లేకుండా, కులాన్ని అవమానించే బొమ్మ వేసి ఇస్తే రేపు సీలు పడేది ఎవరి షట్టర్‌కి? ఆర్డర్ ఇచ్చినవాడు అప్పుడు ఫోన్ ఎత్తుతాడా? "అన్నా, ఇట్లాంటివి ఇంకమీద నా చేతుల మీదుగా వద్దు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ఆయన సరేనంటే షాపులో ఒక అలవాటు మారుతుంది. కోపం వస్తే పని పోవచ్చు, అది చిన్న సంగతి అని నేననను. బాకీ తీర్చాల్సిందే, వాయిదాల మీదైనా. బాకీ ఉంది కాబట్టి మనిషి కదలకూడదనే హక్కు మాత్రం ఎవరికీ లేదు, 1976లో వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం ఉంది. బాతుల మేపుకీ, ఇటుక బట్టీలకీ అడ్వాన్సుల కింద కట్టుబడిపోయిన యానాది కుటుంబాలు మన చుట్టూ ఎన్నో. ఆ అడ్వాన్సు బరువు ఎలా ఉంటుందో మీకు ఇప్పుడు కొంత తెలిసింది.

నేరుగా మీరే పోలీసులకి చెప్పొచ్చు. నేరం గురించి సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు. ఈ చట్టంలో 15ఏ సెక్షన్ సాక్షులకి రక్షణ ఇవ్వాలంటుంది. కాగితం మీద ఉన్నంత రక్షణ ఊళ్లో ఉండదని మీకూ తెలుసు. ఇందులో నాకున్న పెద్ద సందేహం అది కాదు. కేసంటూ మొదలైతే దాని వేడి తగిలేది ముందు ఆమెకి. ఆ ఊళ్లోనే ఉండాలి, ఆ పొలాల్లోకే కూలికి పోవాలి, ఆ బోరు నీళ్లే తాగాలి. ఆమెను అడక్కుండా ఆమె మొహాన్ని ఒకసారి వాడారు. ఆమెను అడక్కుండా ఆమె పేరుతో కేసు కూడా పెడతారా?

అందుకే నా మనసు ఇంకో దారి వైపు మొగ్గుతోంది. వకీలుతో మాట్లాడాక, ఆమె ఇంటికి వెళ్లండి. ఆమె నమ్మే పెద్దమనిషిని ఎవరినైనా వెంట పెట్టుకుని వెళ్లండి. నేనే చేశాను అని చెప్పండి. నా దగ్గర ఫైలుంది, ఫలానా మెసేజ్ ఉంది, మీరు ఫిర్యాదు చేస్తే నేను సాక్ష్యం చెబుతాను, వద్దంటే ఇవి మీకిచ్చి వెళ్లిపోతాను అని చెప్పండి. నిర్ణయం ఆమెది. కేసు పెట్టాలనుకుంటే 14566కి ఫోన్ చెయ్యొచ్చు, ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదులకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. అప్పుడు మీరు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. వద్దంటే బలవంతం చెయ్యకండి. తలుపు వేసుకున్నా, తిట్టినా, అది మీరు వినాల్సిన మాటే. ఓట్లు ఎటు పడ్డాయో మీరు రాయలేదు. గెలిచి ఉంటే ఈ గాయం మానిపోయి ఉంటుందని మాత్రం అనుకోకండి.

క్షమాపణ గురించి ఒక్క మాట. 1988లో బుష్ ప్రచారాన్ని నడిపించిన లీ ఆట్వాటర్ మెదడు కణితితో మంచాన పడి, 1991లో డుకాకిస్‌కి పత్రికాముఖంగా క్షమాపణ చెప్పుకున్నాడు. హార్టన్‌ని డుకాకిస్‌కి జోడీ చేస్తానని ఒకప్పుడు అన్నాడు. ఆ మాట వల్ల తాను జాతి విద్వేషిలా కనిపిస్తున్నాననీ, తాను అలాంటివాణ్ని కాననీ, అందుకు చింతిస్తున్నాననీ అన్నాడు. చావుబతుకుల మధ్య చెప్పిన మాట, తేలిగ్గా తీసిపారెయ్యలేను. కానీ ఆ బొమ్మను తమ టీవీల్లో చూడాల్సి వచ్చిన నల్లజాతి ఇళ్లవాళ్లు ఆ మాటలో లేరు. ఉన్నది తాను ఎలా కనిపిస్తున్నానన్న దిగులు.

మీ ఉత్తరంలో "నేను అలాంటోణ్ని కాదక్కా" అని మూడుచోట్ల రాశారు. నాకు రాస్తే ఫర్వాలేదు. ఆ పిల్లోడి దగ్గర అనకండి. అన్నారంటే "పర్లేదన్నా" అని మిమ్మల్ని వాడే ఓదార్చాల్సి వస్తుంది. చేసింది చేసినట్టు చెప్పండి: నువ్వు పక్కనే ఉన్నావు, నాకు నువ్వు గుర్తు రాలేదు, అది నా తప్పు. వాడు మాట్లాడకపోతే మాట్లాడకపోనీండి. మళ్లీ పనిలోకి రమ్మని ఆ రోజే అడగొద్దు. ఆ షాపులోకి మళ్లీ అడుగుపెట్టాలా వద్దా అన్నది, మీరు ఓనర్‌తో ఏం తేల్చుకున్నారో తెలిశాక వాడు చూసుకుంటాడు.

వాడికి ఆ వారం కూలి ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఓనర్ దగ్గర లెక్క కట్టించి తీసుకోండి, మీ జేబులోంచి కాదు, వాడి కష్టం డబ్బే. క్యారియర్‌లో ఆనాటి అన్నం అలాగే ఉండి ఉంటుంది. మీరే కడగండి, మూత బిగించి, కూలి డబ్బుతో పాటు పట్టుకెళ్లండి.